మా చేతి కొలత

మేము ఎరుకల వాళ్లం. బాపట్ల, చీరాల, పొన్నూరు, చిలకలూరిపేట, ఒంగోలు చుట్టుపక్కల చాలా ఊళ్ల చివర మా ఇళ్లు కనిపిస్తాయి. కొండల్లో ఉండే గిరిజనుల గురించి రాసేవాళ్లు ఉన్నారు. నల్లరేగడి నేల మీద, పత్తిచేలకూ మిరపచేలకూ మధ్య బతికే మైదాన గిరిజనుల గురించి రాసేవాళ్లు తక్కువ. మా చరిత్ర మేమే రాసుకోవాలి. ఈసారి ఆ చరిత్రను ఒక చిన్న వస్తువు దగ్గర మొదలుపెడుతున్నాం. బాణం వేసేటప్పుడు వేళ్లకు తొడుక్కునే తోలు గ్లౌజు అది.

మేము పాఠాలు చెప్పే బడిలో ఏడో తరగతి చదివే పిల్ల ఒకతె ఉంది. మావాళ్ల పిల్లే. పుట్టుకతోనే ఆమె కుడిచేతి నడిమివేలూ ఉంగరపువేలూ చివరి కణుపు దాకా కలిసి ఉన్నాయి. రెండు మూడు వేల కాన్పుల్లో ఒక బిడ్డకు ఇలా వేళ్లు కలిసి పుడతాయని డాక్టర్లు చెబుతారు. పసితనంలోనే ఆపరేషన్ చేసి విడదీస్తారు. ఈ పిల్లకు ఆ పని జరగలేదు. ఆమె ఆ చేత్తోనే రాస్తుంది, బుట్ట అల్లుతుంది, సెలవుల్లో మిరపకాయలు కోస్తుంది.

ఒక ఏడాది మా దగ్గర పిల్లలకు విలువిద్య నేర్పే శిబిరం పెట్టారు. వెదురు విల్లు, వెదురు బాణాలతో ఆడే ఇండియన్ రౌండ్ అనే పోటీ కోసం. వెదురు అంటే మా ఇంటి వస్తువు. మా పిల్లలు ఉత్సాహంగా చేరారు. మొదటి రెండు రోజుల్లోనే ఈ పిల్ల బాణాలు ఒకదాని పక్కన ఒకటి పడటం అందరం చూశాం. మూడో రోజుకు వేళ్లు బొబ్బలెక్కాయి. నేర్పే ఆయన సంచి తెరిచి గ్లౌజులు బయట పెట్టాడు. చిన్నది, మధ్యరకం, పెద్దది. మూడింటికీ మూడు వేళ్ల గొట్టాలు విడివిడిగా ఉన్నాయి. ఏ ఒక్కటీ ఆమె చేతికి ఎక్కలేదు.

"చెయ్యి ఇట్టా ఉంటే కష్టమమ్మా, వేరే ఆట చూసుకో" అన్నాడాయన. ఆయన చెడ్డవాడు కాదు. సంచిలో ఉన్నదాన్ని బట్టి మాట్లాడాడు. ఆ పిల్ల మాత్రం ఇంటికి పోయేటప్పుడు కుడిచెయ్యి పుస్తకాల సంచి వెనక పెట్టుకొని పోయింది.

ఈ చేతికి సరిపోయే గ్లౌజు ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్రశ్న పట్టుకొని తిరిగాం, చదివాం, పెద్దవాళ్లను అడిగాం. దారిలో మా చేతుల చరిత్ర అంతా ఎదురైంది.

వేళ్లకు తొడుగు ఎందుకు?

విల్లు పట్టనివాళ్లకు ఇది ముందు చెప్పాలి. పిల్లలు లాగే ఇరవై పౌండ్ల వింటినారి బరువు దాదాపు తొమ్మిది కిలోలు. పెద్ద పోటీల్లో ఆడే మగవాళ్ల వింటినారి బరువు ఇరవై కిలోలు దాటుతుంది. ఆ బరువంతా మూడు వేళ్ల చివరి కణుపుల మీద సన్నని దారమై నిలుస్తుంది. చూపుడువేలు బాణానికి పైన, నడిమివేలూ ఉంగరపువేలూ బాణానికి కింద. బాణం వదిలేటప్పుడు మూడు వేళ్లూ ఒక్కసారే తెరుచుకోవాలి. నారి చర్మాన్ని ఒరుసుకుంటూ పోతుంది. రోజుకు వంద బాణాలు వేస్తే వందసార్లు అదే చోట ఒరుపు. ముందు ఎర్రబడుతుంది, తర్వాత బొబ్బ లేస్తుంది, ఆ తర్వాత వేలికొస తిమ్మిరెక్కుతుంది. దెబ్బ ఒక్క చర్మానికే తగిలి ఆగదు. నొప్పికి బెదిరిన వేలు నారిని సరిగా వదలదు, పక్కకు గుంజుతుంది. బాణం తప్పిపోతుంది. అందుకని తొడుగు గురిలో భాగమే.

ఈ సంగతి లోకానికి చాలా కాలంగా తెలుసు. చైనాలో దాదాపు 3200 ఏళ్ల కిందట చనిపోయిన ఫూ హావో అనే రాణి సమాధిలో, వింటినారి లాగడానికి బొటనవేలికి పెట్టుకునే పచ్చరాయి ఉంగరం దొరికింది. తుర్కులు, మొగలులు కూడా అలాంటి ఉంగరంతోనే నారి లాగేవారు. షాజహాను ఉంగరం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. జపాను వాళ్లు జింక తోలుతో గ్లౌజు కుట్టి బొటనవేలి దగ్గర గట్టిగా చేస్తారు. ఇంగ్లండులో మూడు వేళ్లతో లాగే పద్ధతి. అక్కడ రోజర్ ఆస్కమ్ అనే పండితుడు 1545లో విలువిద్య మీద పుస్తకం రాసి, అందులో గ్లౌజు గురించి కూడా చెప్పాడు. అదే సంవత్సరం మునిగిపోయిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. ఆ ఓడలో విల్లులతో పాటు ముంజేతికి కట్టుకునే తోలుపట్టీలూ దొరికాయి.

బొటనవేలి ఉంగరం ఒకరి కొలతతో చేస్తే ఇంకొకరికి సరిపడదు. వదులైతే జారిపోతుంది, బిగువైతే రక్తం ఆడదు. అందుకే ఎవరి వేలికి వాళ్లు కొలిచి చేయించుకునేవారు. చిన్న, మధ్య, పెద్ద అనే మూడు కొలతలు ఫ్యాక్టరీలు వచ్చాక పుట్టినవి. ఆ మూడింట్లో పట్టని చెయ్యి తప్పు చెయ్యి అనుకోవడం కూడా అప్పుడే మొదలై ఉంటుంది.

మన దేశంలో రామాయణ భారతాల్లోనే ఈ తొడుగులకు పేర్లున్నాయి. వేళ్లకు పెట్టుకునేది అంగుళిత్రాణం. నారి దెబ్బ తగలకుండా ముంజేతికి కట్టుకునే తోలు గోధ. గోధ అంటే ఉడుము. ఉడుమును పుట్టలోంచి, రాతి సందులోంచి పట్టే విద్య వేట మీద బతికిన జనాలది. యానాదులకు తెలుసు, చెంచులకు తెలుసు, మా పెద్దలకూ తెలుసు. రాజకుమారుల చేతులను కాపాడిన తోలు ఏ చేతులు పట్టి తెచ్చాయో మాకు ఏ కథలోనూ కనిపించలేదు. ఇప్పుడు ఉడుమును ముట్టుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి గట్టి రక్షణ ఉంది. ఉండాలి కూడా. మేము పాత తోలు కోసం వెతకలేదు. పాత పద్ధతి కోసం, అంటే చేతిని చూసి తొడుగు చేసే పద్ధతి కోసం వెతికాం.

విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలగా మారేటప్పుడు నారి ఒరుపుకు చేతుల మీద పడిన మచ్చలను గాజులతో కప్పుకుంటానంటాడు. అంత గొప్ప విలుకాడి చేతి మీద కూడా విల్లు గుర్తులు పెట్టింది. ఈ కథ చెప్పినప్పుడు మా పిల్ల తన బొబ్బలు చూసుకొని నవ్వింది.

ఏకలవ్యుడి చెయ్యి

మా పేరు ఏకలవ్యుడి నుంచి వచ్చిందని మా పెద్దలు చెబుతారు. ఎరుక చెప్పే వృత్తి నుంచి వచ్చిందని ఇంకొందరు అంటారు. రెండూ మావే. మా సంఘాల్లో చాలావాటికి ఏకలవ్యుడి పేరే పెట్టుకున్నాం.

కథ అందరికీ తెలిసిందే. ఆదిపర్వంలో నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు ఏకలవ్యుడు. ద్రోణుడు శిష్యుడిగా చేర్చుకోలేదు. మట్టిబొమ్మ పెట్టుకొని తానే నేర్చుకున్నాడు. గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు ఇచ్చాడు. బళ్లలో ఈ కథను గురుభక్తి పాఠంగా చెబుతారు. కథ చివర ఉన్న ఇంకో సంగతి చెప్పేవాళ్లు తక్కువ. బొటనవేలు పోయాక ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో నారి లాగి బాణాలు వేశాడనీ, అయితే వేగం మునుపటంత లేదనీ సంస్కృత భారతంలో ఉంది. విల్లు వదిలేశాడని లేదు.

ఇది పురాణమే, తేదీ వేసి చెప్పే చరిత్ర కాదు. అయినా మా పిల్ల చెయ్యి పక్కన పెట్టి చదివితే వేరే అర్థం వస్తుంది. వేళ్లు అందరిలా లేని విలుకాడు మా కథలో మొదటివాడు. అతడు తన చేతికి తగ్గ పద్ధతి తానే కనిపెట్టుకున్నాడు. నారి లాగేటప్పుడు బొటనవేలు వాడం అని భిల్లులలో కొందరు నేటికీ ఏకలవ్యుడిని తలుచుకొని చెబుతారు. ఒలింపిక్స్‌లో నారిని వేళ్లతో లాగే క్రీడాకారులు బొటనవేలిని నారికి తాకించరు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలే వాడతారు. ద్రోణుడు అడిగిన వేలితో నేటి మైదానంలో పనే లేదు.

1961లో మొదలైన అర్జున అవార్డు క్రీడాకారులకు ఇస్తారు. 1985లో మొదలైన ద్రోణాచార్య అవార్డు కోచ్‌లకు ఇస్తారు. మా పిల్లల కోసం 1997-98 నుంచి పెట్టిన గురుకుల బళ్లకు ఏకలవ్యుడి పేరు పెట్టారు. ఆ పేర్లు పెట్టినవాళ్ల మీద మాకు కోపం లేదు. ఏకలవ్యుడి పేరున్న బడిలో ఒక పిల్ల వేళ్ల తీరు చూసి ఆట నుంచి పక్కకు పంపితే మాత్రం, ఆ పేరుకు అర్థం లేకుండా పోతుంది.

వేలిముద్రలు

మా చేతులను ఎవరూ పట్టించుకోలేదని అంటే అబద్ధం. ఒకప్పుడు ప్రభుత్వం చాలా శ్రద్ధగా పట్టించుకుంది.

మావాళ్లు పూర్వం ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం, కరివేపాకు వేసుకొని కోస్తా నుంచి పైనాటికి తిరిగేవారు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల అనే పేర్లు ఆ పనుల వల్ల వచ్చినవే. దబ్బ ఎరుకల వాళ్లు వెదురు చీల్చి అల్లేవారు. కుంచె ఎరుకల వాళ్లు నేతగాళ్లకు కుంచెలు కట్టేవారు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. రైళ్లు వచ్చి ఎడ్ల బాటలను మింగేశాయి. 1876-78 కరువు ఇంకో దెబ్బ. తిరిగే పని పోయింది, తిరిగే మనుషులు మిగిలారు. తిరిగేవాళ్లంతా దొంగలే అన్నది దొరల ప్రభుత్వం.

1871లో చేసిన నేరస్త తెగల చట్టం మొదట ఉత్తరాదిలో అమలైంది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఆ చట్టం కింద నమోదైన తెగలో ఎవరి వేలిముద్రలైనా ఎప్పుడైనా తీసుకోవచ్చు. అంతకుముందే 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. నేరం చేసినవాడిని పట్టుకోవడానికి పనికొచ్చే ఆ విద్యను, నేరం చేయని వాళ్ల మీద కూడా పుట్టుకను బట్టి వాడారు.

1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. రోజూ హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. అక్కడి నుంచి మావాళ్లు చీరాలలోని పొగాకు కంపెనీలో పనికి పోయేవారు. మా చేతులు చేసే పని కావాలి, మా చేతుల మీద నమ్మకం మాత్రం లేదు.

1947లో మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టాన్ని ఎత్తేశారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. మమ్మల్ని విముక్త జాతులు అన్నారు. చట్టం పోయింది గానీ చూపు పోలేదు. నేటికీ ఊళ్లో ఏదైనా పోతే ముందు మా గుడిసెల వైపు చూసేవాళ్లున్నారు. స్టువర్టుపురం అనగానే సినిమా కథ గుర్తుచేసుకునేవాళ్లున్నారు. అక్కడి నుంచి చదువుకొని ఉద్యోగాలు చేస్తున్న వాళ్లు ఎందరున్నా ఆ పేరుకు ఆ కథే అతుక్కుపోయింది.

మా తాతల వేళ్ల గీతలు ప్రభుత్వ కాగితాల మీద ఉన్నాయి. అదే వేళ్ల పొడవు, లావు, వంకర మాత్రం ఎవరికీ అవసరం రాలేదు. మనిషిని పట్టుకోవడానికి తీసే కొలత వేరు, మనిషికి ఒక వస్తువు చేసి ఇవ్వడానికి తీసే కొలత వేరు. ఈ రెండో కొలత మా పిల్ల చేతికి తీసేదాకా మాకు ఈ తేడా తట్టలేదు.

గుడ్డపీలిక

తొడుగు మాకు కొత్త కాదని చెప్పింది ఆ పిల్ల నాయనమ్మ. ఆమె వెదురుబద్దలు చీల్చి గంపలు అల్లుతుంది. బద్ద అంచు కత్తిలా ఉంటుంది. అందుకని చూపుడువేలికి పాతచీర పీలిక చుట్టుకొని కూచుంటుంది. ఎన్ని చుట్లు చుట్టాలో, ముడి ఎటు వైపు వేయాలో ఆమె వేలికే తెలుసు. "ముడి గోరువైపు ఉండాలి సారూ, పనివైపు ఉంటే అదే పుండైద్ది" అంది. పెద్ద కంపెనీలు గ్లౌజు కుట్టేటప్పుడు చూసుకునే మొదటి సూత్రం కూడా ఇదే. కుట్టు నారి తగిలే వైపు రాకూడదు.

పత్తి తీసే ఆడవాళ్లు వేలికొసలకు గుడ్డ చుట్టుకుంటారు. పత్తికాయ విచ్చాక ఎండిన రెక్కల మొనలు ముళ్లలా గుచ్చుకుంటాయి. మిరపకాయలు కోసేవాళ్లదీ, తొడిమెలు తీసేవాళ్లదీ ఇంకో బాధ. గుంటూరు మిర్చికి దేశదేశాల్లో పేరుంది. ఆ ఘాటు ముందుగా కోసేవాళ్ల వేళ్ల సందుల్లోకి దిగుతుంది. రాత్రంతా చేతులు మండుతాయి. నీళ్లతో కడిగితే పోదు, ఎందుకంటే కారంలోని ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే మావాళ్లు ముందు కొబ్బరినూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుగుతారు.

ఇది విలువిద్యకు సంబంధం లేని మాట అనిపించవచ్చు. బాణం వేసేటప్పుడు నారి లాగిన చెయ్యి గడ్డం కింద ఆనుతుంది, నారి పెదవులకు తగులుతుంది. ఆదివారం మిరపకాయలు కోసిన పిల్ల సోమవారం ప్రాక్టీసుకు వచ్చి విల్లు లాగితే పెదవులు భగ్గుమంటాయి. కళ్లు నీళ్లు కారితే గురి ఎక్కడ? ఒక్కసారి గ్లౌజు తోలులోకి కారం ఇంకిందా, రోజుల తరబడి వదలదు. విలువిద్య పుస్తకాల్లో ఈ సంగతి మాకు కనబడలేదు. మా నేల మీద విల్లు నేర్పేవాళ్లు మాత్రం దీన్ని మొదటి పాఠంగా చెప్పాలి. చేతులకు నూనె, ఆ తర్వాత సబ్బు, అప్పుడే గ్లౌజు.

తొడుగు కుట్టించడం

మొదట కొనడానికే చూశాం. బెజవాడలో విలువిద్యకు మంచి పేరుంది. మొన్నటి తరంలో చెరుకూరి లెనిన్, ఇప్పుడు వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ అక్కడివాళ్లే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆమె ఆడే కాంపౌండ్ విల్లులో నారిని వేళ్లతో వదలరు, మీట ఉన్న చిన్న పరికరంతో వదులుతారు. అది మా పిల్లకు సరిపోయేదే. కానీ ఆ విల్లు ధర మా ఇళ్లలో ఏడాది సంపాదనను మించిపోతుంది.

ధీరజ్ ఆడే రికర్వ్ విల్లుకు గ్లౌజు బదులు అరచేతిలో పట్టేంత తోలుముక్క వాడతారు. దాన్ని ట్యాబ్ అంటారు. మంచిరకం ట్యాబులకు కార్డోవాన్ అనే గుర్రం తోలు వేస్తారు. దాని వెనక నడిమివేలు దూర్చుకునే చుట్టు ఉంటుంది. కలిసిన రెండు వేళ్లు ఆ చుట్టులో పట్టలేదు. వదులు చేస్తే ముక్క తిరిగిపోయింది.

నిబంధనలు చదివితే ధైర్యం వచ్చింది. వేళ్ల రక్షణకు గ్లౌజు, ట్యాబు, విడి వేలితొడుగు ఏదైనా వాడుకోవచ్చు. నారిని పట్టి ఉంచే, వదిలే యంత్రం అందులో ఉండకూడదు, అంతే. ఫలానా కంపెనీదే కావాలని గానీ, మూడు గొట్టాలే ఉండాలని గానీ లేదు.

అప్పుడు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే మాదిగ పెద్దాయన దగ్గరికి పిల్లను తీసుకుపోయాం.

"బాబాయ్, ఈ పిల్లకి బాణాలేసే గ్లౌజు కుట్టాలి. వేళ్లు ఇట్టా ఉన్నాయి. కుదురుద్దా?" అని అడిగాం.

ఆయన పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికేముంది సారూ! ఊళ్లో కాళ్లన్నీ ఒకేరకంగా ఉంటాయా? మా నాయన కాలంలో మనిషి మనిషికీ అడుగు తీసే కదా చెప్పు కుట్టేది. చెయ్యైనా అంతే. ఏదమ్మా, నారి ఎక్కడ తగులుద్దో చూపించు" అన్నాడు.

అంతకుముందు ఆ చెయ్యి చూసిన వాళ్లలో చాలామంది పాపం అన్నారు. నారి ఎక్కడ తగులుతుందని అడిగిన మొదటి మనిషి ఆయన. పిల్ల సంచి వెనక నుంచి చెయ్యి తీసి, వేళ్లు వంచి చూపించింది.

మొదటి గ్లౌజు గేదె తోలుతో కుట్టాడు. మందం ఎక్కువై నారి వేలికి తెలియలేదు, వదలడం ఆలస్యమైంది. రెండోది మేక తోలు. మెత్తగా కుదిరింది గానీ కుట్టు సరిగ్గా నారి కిందికి వచ్చి గీత పడింది. నాయనమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. మూడోదానికి ఆయన రంపెతో తోలు కోసిన తీరే మార్చాడు. చూపుడువేలికి ఒక గొట్టం, కలిసిన రెండు వేళ్లకూ వెడల్పుగా ఒకే గొట్టం. కుట్టంతా గోళ్లవైపు. వేలికొసలు తెరిచి ఉంచాడు. బాణం తోక వేళ్ల మధ్య నలగకుండా చూపుడువేలి పక్కన చిన్న తోలు బుడిపె పెట్టాడు. మణికట్టుకు పట్టీ, గుండీ. అరచెయ్యి అంతా ఖాళీ, గాలి ఆడటానికి. పాత సంచుల తోలు కలిసొచ్చింది కాబట్టి వంద రూపాయలు చాలన్నాడు.

ఆ చెయ్యి నారికి పనికిరాదనుకున్నది కూడా పొరపాటేనని అప్పుడు తెలిసింది. బాణానికి కింద ఉండే రెండు వేళ్లూ ఒక్కసారే తెరుచుకోవాలని కోచ్‌లు నెలల తరబడి నేర్పుతారు. ఆమె రెండు వేళ్లూ ఎటూ కలిసే తెరుచుకుంటాయి.

మాలాగా వెతికే టీచర్ల కోసం, తల్లిదండ్రుల కోసం మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం. చేతిని కాగితం మీద పరిచి పెన్సిలుతో గీయండి. అదొక్కటే చాలదు. విల్లు లాగేటప్పుడు వేళ్లు వంగి ఉంటాయి కాబట్టి వంచిన చేతికి కూడా కొలత తీయండి. ప్రతి వేలికీ మొదట్లో ఒకసారి, చివరి కణుపు దగ్గర ఒకసారి దారం చుట్టి చూడండి. ఎండలో ఆడాక వేళ్లు ఉబ్బుతాయి, అప్పుడు ఇంకోసారి చూడండి. తొడిగి పది బాణాలు వేశాక గోరు నొక్కి వదలండి. ఎరుపు వెంటనే తిరిగి రావాలి. వేలికొస తెల్లబడినా తిమ్మిరెక్కినా గ్లౌజు బిగువని అర్థం. తొడుగు కొస ముందుకు మడతపడితే వదులని అర్థం. వేలు తక్కువైనా, వంకరైనా, కాలి ముడుచుకుపోయినా పద్ధతి ఇదే. పిల్ల ఏ వేళ్లతో నారి పట్టగలదో ముందు చూడాలి. ఆ వేళ్లకు తొడుగు తర్వాత ఆలోచించాలి.

ముగింపు

మా పిల్ల కథ పతకంతో ముగిసిందని రాయలేం. ఆ గ్లౌజుతో ఆమె ఎంపిక పోటీలకు పోయింది. తన బాణాలన్నీ వేసింది. ఆ ఏడు ఎంపిక కాలేదు. ఆమెకంటే బాగా వేసిన పిల్లలున్నారు, వాళ్లు పోయారు. ఆటలో ఓడిపోవడం వేరు, ఆటలోకే రాకుండా పోవడం వేరు. ఆ తేడా ఆమెకు తెలిసింది, మాకూ తెలిసింది. నేర్పే ఆయన కూడా ఆ గ్లౌజు అడిగి తీసుకొని చాలాసేపు చూశాడు. దాని నమూనా కాగితం మీద గీసుకున్నాడు.

రాజస్థాన్‌లోని ఆదివాసీ పల్లె నుంచి వచ్చిన లింబారామ్ మూడు ఒలింపిక్స్‌లో మన దేశం తరపున ఆడాడు. చేతులు లేకుండా పుట్టిన శీతల్ దేవి కాలితో విల్లు పట్టి, భుజంతో లాగి, దవడతో వదిలి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది. అదే పోటీల్లో హర్విందర్ సింగ్ విలువిద్యలో మన దేశానికి మొదటి పారాలింపిక్ బంగారు పతకం తెచ్చాడు. శీతల్ దేవి దగ్గరికి వచ్చినవాళ్లు విల్లుకు తగ్గ శరీరం లేదని తిప్పి పంపలేదు, ఆ శరీరంతో విల్లు ఎలా లాగాలో ఆలోచించారు. మేము అడిగేది అంతకంటే చాలా చిన్నది. శిబిరానికి తెచ్చే సంచిలో మూడు కొలతల గ్లౌజులతో పాటు ఒక దారం, ఒక కాగితం, ఒక పెన్సిలు కూడా ఉంచండి. ఊళ్లో తోలు కుట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల విద్యకు పని చెప్పండి, కూలి ఇవ్వండి.

ఇప్పుడు మా బడిలో జూన్‌లో తలుపులు తెరిచిన వారంలోనే విల్లు పట్టే పిల్లలందరి చేతులూ కాగితం మీద గీయించి ఒక ఫైల్లో పెడుతున్నాం. ప్రతి కాగితం మీదా పిల్లలు తమ పేరు తామే రాస్తారు. మొన్న ఆ పిల్ల కాగితాన్ని నిరుటి కాగితం మీద పెట్టి చూశాం. వేళ్లు కాస్త పొడవు పెరిగాయి. బస్టాండు బాబాయికి మళ్లీ కబురు పంపాలి.